పైడమ్మ గుండెపోట్లు

పైడమ్మకి కొన్ని నిమిషాలకోసారి గుండెపోటు వస్తుంది. పొద్దున్న కాఫీ వేళకే బోలెడన్ని వచ్చేసి ఉంటాయి. భోజనాల వేళకు వాటి లెక్క ఎవరికీ పట్టదు. వచ్చిన ప్రతిసారీ ఆవిడ వణికే వేళ్ళతో ఫోను తీస్తుంది, ఒక మీట నొక్కబోయి పక్క మీట నొక్కుతుంది, కంగారుగా వెనక్కి వచ్చి మళ్ళీ వెతుక్కుంటుంది. "బాబూ, గుండెల్లో పట్టేసినట్టున్నాది, బేగి రండి" అంటుంది. తీరా అంబులెన్సు బయల్దేరబోతుండగా "ఒద్దులే బాబూ, తగ్గిపోనాది" అని పెట్టేస్తుంది. అప్పుడు మధురవాడ కొండ మీద, మెలకువ ల్యాబ్స్ అనే ఆఫీసులో, గోడంత తెర మీద ఒక పచ్చచుక్క వెలుగుతుంది.

సరిగ్గా అదే సమయానికి అసలు పైడమ్మ మర్రిపాలెంలో తన ఇంటి అరుగు మీద కూర్చుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఎదురింటావిడతో ఊళ్ళోవాళ్ళ సంగతులన్నీ తిరగేస్తూ ఉంటుంది.

కంప్యూటర్లో ఉండే రెండో పైడమ్మను తయారుచేసింది ఆవిడ కూతురు హైమే. మెలకువ ల్యాబ్స్ చేసే పనే అది. ఏ యాప్ అయినా చెడిపోయిందన్న సంగతి జనం తిట్టిపోశాక తెలియడం కంటే, జనం కంటే ముందే తెలియడం మేలు కదా. అందుకని ఉత్తుత్తి మనుషుల్ని తయారుచేసి యాప్‌ల మీదికి వదులుతారు. వాళ్ళు రోజంతా లాగిన్ అవుతూ, మీటలు నొక్కుతూ, ఫోన్లు చేస్తూ, అన్నీ సవ్యంగా నడుస్తున్నాయో లేదో చూసి చెబుతుంటారు. పాతకాలం ఉత్తుత్తి మనుషులు కొయ్యబొమ్మల్లాంటివాళ్ళు. ఎప్పుడూ అదే మీట, అదే వేగం. మెలకువ వాళ్ళు కనిపెట్టిన ఛాయలు అలా కాదు. ఒక నిజం మనిషి గొంతూ, వేళ్ళ తడబాటూ, భయమూ చూసి నేర్చుకుని, ఆ మనిషిలాగే కంగారుపడతాయి.

ఆ నిజం మనుషులు ఎక్కడ దొరుకుతారు? యాప్ వాడేవాళ్ళ వివరాలు ముట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ మొదలైంది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి రోజు స్వీట్లు పంచినట్టే, ఇంట్లోంచి ఒక మనిషిని ఛాయగా ఇవ్వాలి. గొంతు, ఫోను పట్టుకునే తీరు, ఇంటి అడ్రసుతో సహా. దొంగ అడ్రసు పెడితే మ్యాపు పని చేస్తోందో లేదో తెలియదు కదా! మేనేజరు సుదర్శన్ తన అత్తగారిని ఇచ్చాడు. హైమ పక్క సీటు కుర్రాడు ఫిరోజ్ వాళ్ళ నాన్నని ఇచ్చాడు. "సుదర్శన్ గారి అత్తగారు మళ్ళీ పాస్‌వర్డు మర్చిపోయారట" అని కాఫీ మిషను దగ్గర పగలబడి నవ్వుకునేవారు. తన పేరు కంప్యూటర్లో ఉందని పైడమ్మ కూడా వీధంతా చెప్పుకుంది. ఇంతమంది ఇళ్ళవాళ్ళు రోజూ చావు బతుకుల్లో పడి లేస్తుంటే, అందులో శకునం చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఆ ఛాయలన్నీ ఇప్పుడు కాపలా కాస్తున్నది 'తక్షణ' అనే అంబులెన్సుల నెట్‌వర్కుకి. ఊళ్ళో అంబులెన్సులన్నీ దాని కిందివే. ఏ బండి ఎటు పోవాలో చెప్పేది ఒక యంత్రం. అది తనంతట తాను నేర్చుకునే రకం. బాగా చేసిందా లేదా అని దానికి మార్కులు వేసేవి ఛాయలే. తెర మీద ఎన్ని పచ్చచుక్కలుంటే యంత్రం అంత బాగా చేసినట్టు.

వేసవి మొదలయ్యేసరికి ఆ తెర మీద ఎర్రచుక్క అన్నదే లేకుండా పోయింది. ఆఫీసులో అందరూ కేకు కోసుకున్నారు. హైమకి మాత్రం ఆ కేకు గొంతు దిగలేదు. చెడిపోని యాప్‌ను ఆమె తన సర్వీసులో చూడలేదు మరి.

ఆదివారం నాడు ఆమె కూరలు కొనుక్కుని వచ్చేసరికి వీధి మొగలో ఒక అంబులెన్సు ఆగి ఉంది. కంగారుగా పరుగెత్తుకొచ్చి చూస్తే, దాని డ్రైవరు అరుగు మీద కూర్చుని పైడమ్మ చేతి మజ్జిగ తాగుతున్నాడు. పేరు సింహాద్రి అట. పదిరోజుల్నుంచీ ఇక్కడే డ్యూటీ అట, నిన్నటిదాకా బండి వెనక వీధిలో ఆగేదట.

"ఎవరికైనా బాగాలేదా బాబూ?" అంది హైమ.

"ఎవరికీ ఏటీ నేదమ్మా. మెషినిక్కడే ఉండమంటాది, ఉంటన్నాం. మొన్న డైరీ ఫారం కాడ ఎవరిదో పిల్లకి ఫిట్సొచ్చీసాయని మా బావ ఫోను సేసినాడు. ఆగలేక నా అంతట నేనే బయల్దేరినాను. ఈధి సివరకెల్లీసరికి బండాగిపోనాది. స్టీరింగు బిగిసిపోనాది."

"నడిచి వెళ్ళి, మందులైనా పట్టుకెళ్ళలేకపోయావా?"

"కేసు నంబరు పడితేగాని ఎనక తలుపు తెరుసుకోదమ్మా. అంతా మెషిన్ చేతిలోనే ఉన్నాది." అతను గ్లాసు కింద పెట్టి తల దించుకున్నాడు. "ఆ పిల్లకి ఇంకో బండి రాడానికి శానా సేపట్టిందంట. ఎలగున్నాదో తెల్దు."

పైడమ్మకి ఆ మాటలు చెవికెక్కలేదు. "మన ఈధి జాతకం మంచిదే హైమా! ఎవరికేటొచ్చినా బండి గుమ్మంలోనే ఉన్నాది" అంది గొప్పగా. మూడిళ్ళ అవతల నులకమంచం మీద కూర్చున్న, పైడమ్మకి తమ్ముడి వరసైన చిన్నారావు పెద్దగా నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఓడరేవులో బొగ్గు దింపీ దింపీ ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి ఆయన. "అప్పా, నాకు దమ్మెక్కువైతే నీ బండి ఎరువిస్తావేటి?" అన్నాడు. "నీకివ్వకపోతే ఎవులికిస్తానురా" అంది పైడమ్మ.

హైమ కూరల సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

మర్నాడు ఆఫీసులో బ్యాగు కూడా దించకుండా ఫిరోజ్‌ని అడిగింది. "మీ ఇంటి ముందు అంబులెన్సు ఉంటోందా?"

"నీకెలా తెలుసక్కా? గాజువాకలో మా సందు మొదట్లోనే ఉంటోంది. నాన్నకి డయాలసిస్ కదా, తన దువా ఫలించిందని అమ్మ రోజూ ఆ డ్రైవరుకి టిఫిన్ పంపిస్తోంది."

ఇద్దరూ కూర్చుని ఊరి మ్యాపు తెరిచారు. బళ్ళు ఎక్కడున్నాయో ఒక రంగులో, ఛాయల ఇళ్ళు ఎక్కడున్నాయో ఇంకో రంగులో పెట్టారు. రెండు రంగులూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. సీతమ్మధారలో సుదర్శన్ అత్తగారి ఇంటి ముందు మూడు బళ్ళు. మిగతా ఊరు, కొండవాలు బస్తీలతో సహా, బోసిగా ఉంది.

యంత్రం ఛాయల్ని గుర్తుపట్టేసింది. చివర్లో "తగ్గిపోనాది" అనేవాళ్ళెవరో, మార్కులు వేసేవాళ్ళెవరో దానికి తెలిసిపోయింది. పరీక్షలో రాని పాఠం ఎవరు మాత్రం చదువుతారు? నిజం మనుషుల ఫోన్లు దానికి పరీక్షలో రాని పాఠం. వాళ్ళు చచ్చినా బతికినా తెర మీద ఏ చుక్కా మారదు.

హైమ మ్యాపు పట్టుకుని సుదర్శన్ గదిలోకి వెళ్ళింది. ఆయన అంతా విన్నాడు. మ్యాపులో తన అత్తగారి ఇల్లు చూశాడు. కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మగారికి మొన్న పరీక్షలు చేయించారు కదా, డాక్టరేమన్నాడు?" అని అడిగాడు.

హైమకి ఒళ్ళు మండింది. అయినా జవాబు చెప్పింది. "ఒక రక్తనాళం బాగా పూడుకుపోయిందన్నారు. వచ్చే నెలలో స్టెంట్ వేస్తారు. అప్పటిదాకా జాగ్రత్తగా ఉండమన్నారు."

"మరి అలాంటి మనిషి గుమ్మంలో బండి ఉంటే మీకేమిటండీ నొప్పి? నేను పైవాళ్ళకి రాస్తాను. తక్షణ వాళ్ళు యంత్రానికి మళ్ళీ మొదట్నుంచీ నేర్పిస్తారు. దానికి టైం పడుతుంది. ఈలోగా మీరు చెయ్యి పెట్టకండి."

ఆమె గదిలోంచి బయటికొచ్చింది. చెప్పాల్సింది చెప్పేశాను, ఇక నా చేతుల్లో ఏముంది అనుకుంది. లోపల మాత్రం ఊరటగానే ఉంది. వచ్చే నెలదాకా ఆ బండి మా వీధిలోనే ఉంటుంది అన్న ఊరట. అది తలుచుకుని ఆమెకి సిగ్గేసింది. కానీ సిగ్గు కోసం తల్లిని పోగొట్టుకునేవాళ్ళెవరు?

రాత్రి అన్నాలప్పుడు పైడమ్మే కదిపింది. సింహాద్రి చెప్పిన ఫిట్స్ పిల్ల పోయిందని ఆ రోజే తెలిసిందట. "ఒలే, ఆ బండిక్కడెందుకున్నాదే? నీకేదో తెలిసే ఉంటాది. నిన్నట్నుంచీ నీ మొహం బాగోలేదు."

అబద్ధం ఆడదామనుకుంది గానీ తల్లి దగ్గర హైమకి అది ఎప్పుడూ చేతకాలేదు. అంతా చెప్పేసింది. పైడమ్మ కంచం పక్కకి జరిపేసింది.

"అంటే నా దొంగ గుండెపోటు కోసం ఆ పిల్లని ఒగ్గీసారా?"

"అమ్మా, నీకు నిజంగానే..."

"తీసీ."

"చూద్దాంలే, ఆపరేషన్ అయ్యాక."

"తీసీమంటన్నాను కదా!" అంది పైడమ్మ. హైమ తలూపింది. ఆ వారమంతా తలూపుతూనే ఉంది.

శుక్రవారం పొద్దున్న మీటింగులో ఉండగా ఫోను మోగింది. పైడమ్మ ఎగశ్వాసతో మాట్లాడుతోంది. చుట్టూ ఆడవాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి.

"ఒలే, చిన్నారావుకి ఊపిరాడ్డం లేదే! పెదాలు నల్లబడిపోనాయి. ఫోను సేస్తే ఏదో పాట వస్తంది గాని బండి రాదు. బండి నా కళ్ళ ముందరే ఉన్నాదే! సింహాద్రి తలుపు గుద్దుతున్నాడు, రాడ్డెట్టి పొడుస్తున్నాడు, అది తెరుసుకోదు. లోపల ఆక్సిజన్ ఉన్నాదంట!"

"ఆటో..."

"ఆటోలో గాలుంటాదేటే! నీ దొంగ పైడమ్మని చంపీసీ. ఇప్పుడే. అది చస్తే బండి మనదౌతాది."

హైమ మీటింగులోంచి లేచి తన సీటు దగ్గరికి పరుగెత్తింది. తల్లి ఛాయను తెరిచింది. తొలగించాలా అని కంప్యూటర్ అడిగింది. ఆమె వేలు ఒక్క క్షణం ఆగింది. ఫోనులో తల్లి ఊపిరి బరువుగా వినిపిస్తోంది. "అమ్మా, నువ్వు కూర్చో. నీకెలా ఉంది?" అంది.

"నా సంగతి తరవాత. తీసినావా?"

హైమ మీట నొక్కింది. గోడ మీద పైడమ్మ చుక్క ఆరిపోయింది.

"బండి కదిలిందే!" పైడమ్మ గొంతులో సంతోషం. "సింహాద్రి ఎక్కినాడు... వస్తన్నాది... ఒరే, అడ్డు తప్పుకోండిరా..." అంతలోనే ఆ గొంతు మారిపోయింది. "ఇదేటే? చిన్నారావు గుమ్మం దాటిపోనాదే! ఆగనేదు. సింహాద్రి లోపల్నుంచి అద్దం బాదుతున్నాడు. బండి ఆగట్లేదే హైమా, ఎటెల్లిపోతందే?"

హైమ మ్యాపు వైపు చూసింది. ఆ బండి మర్రిపాలెం దాటి సీతమ్మధార వైపు పోతోంది. అక్కడ సుదర్శన్ అత్తగారి ఛాయకి అప్పుడే కళ్ళు తిరిగాయి. ఒక ఛాయ తగ్గితే బండి ఇంకో ఛాయ దగ్గరికి పోతుందన్న సంగతి, ఇన్నేళ్ళ అనుభవమున్న హైమకి తట్టనే లేదు. తల్లిని తీసేస్తే చాలనుకుంది. మిగతా వాళ్ళందరూ తెర మీద పచ్చగా వెలుగుతూనే ఉన్నారు.

ఫోనులో చిన్నారావు భార్య రాజులమ్మ ఏడుపు మొదలైంది.

శనివారం చిన్నారావుని సాగనంపుతున్నారు. హైమ అక్కడ ఉండాల్సింది. రాజులమ్మ మొహం చూసే ధైర్యం లేక, తల్లికి మందులిచ్చి, తిన్నగా ఆఫీసుకి వచ్చేసింది. సెలవు రోజు కాబట్టి ఫిరోజ్ తప్ప ఎవరూ లేరు. ఆమె కుర్చీ లాక్కుని ఛాయల పట్టిక తెరవగానే ఏం చేయబోతోందో అతనికి అర్థమైపోయింది.

"అక్కా, అందర్నీనా?"

"ఒక్కరున్నా ఇంతేరా. అందరూ పోవాలి. మార్కులు వేసేవాళ్ళే లేకపోతే, దానికి నిజం మనుషులు తప్ప గతి ఉండదు."

"మా నాన్నకి ఈ రోజు డయాలసిస్. మధ్యాహ్నం తీసుకెళ్ళాలి. సోమవారం తీసెయ్యక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నిన్న నేనూ అలాగే ఒక్క క్షణం ఆగాను ఫిరోజ్."

అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. హైమ ఒక్కొక్కరినీ తీసేస్తూ పోయింది. సుదర్శన్ అత్తగారు, ఎవరిదో బామ్మ, ఎవరిదో మేనమామ, చివరికి ఫిరోజ్ వాళ్ళ నాన్న. గోడ మీద తెర నల్లగా అయిపోయింది. చిన్నారావు రుణం కాస్తయినా తీర్చుకున్నట్టు ఆమెకి గుండె తేలికపడింది.

ఇద్దరూ మ్యాపు ముందుకి జరిగారు. బళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. కాసేపు చూశారు. ఇంకాసేపు చూశారు. ఒక్కటీ కదల్లేదు. కింద పట్టీలో నిజం మనుషుల ఫోన్లు వచ్చి పడుతున్నాయి. కంచరపాలెం, పెందుర్తి, ఆరిలోవ. "అందింది" అని పడుతోంది, అంతే. అంతకు ముందు హైవే మీద పోతున్న బళ్ళు కూడా రోడ్డు వారకి వచ్చి ఆగిపోయి ఉన్నాయి.

"అది నిజం మనుషుల్ని మర్చిపోయిందక్కా" అన్నాడు ఫిరోజ్. "ఛాయలు లేకపోతే ఏం చెయ్యాలో దానికి తెలీట్లేదు."

హైమ తక్షణ కంట్రోల్ రూముకి ఫోను చేసింది. బళ్ళు చేత్తో నడిపించడానికి వీల్లేదా అని అడిగింది. ఆ ఏర్పాటు పాత బళ్ళలో ఉండేదని, అవన్నీ తీసేశామని, అవతలి మనిషి ఏడుపు గొంతుతో చెప్పాడు. ఆ ఫోను పెట్టేస్తుండగానే ఇంకో ఫోను వచ్చింది. తల్లి.

"హైమా..." అంది పైడమ్మ. తర్వాత మాట రావడానికి చాలాసేపు పట్టింది. "మంచినీళ్ళు తాగుదామని లెగిసినాను. కూలబడిపోనాను. ఎడం చెయ్యి నాది కానట్టున్నాదే."

ఛాయ ఇన్ని వేలసార్లు అరిచిన అరుపుల్లో ఈ గొంతు ఒక్కసారీ లేదు. ఇంత నెమ్మదైన గొంతు రికార్డు చేయాలని ఎవరికీ తోచలేదు.

"అమ్మా, ఎవరున్నారు దగ్గర? ఎదురింటి ఆంటీని కేకెయ్యి!"

"ఎవులూ నేరు. ఈధంతా, ఆడోలతో సహా, శ్మశానానికెల్లింది. ఆటోవోలు కూడా ఎల్లిపోనారు, చిన్నారావంటే అందరికీ ఇది కదా..."

హైమ ఇంకో ఫోనులో తక్షణకి కొట్టింది. పేరు చెప్పింది, అడ్రసు చెప్పింది. పాట వచ్చింది. మ్యాపు కింది పట్టీలో కొత్త వరస పడింది. మర్రిపాలెం. అందింది. ఊళ్ళో వాళ్ళందరి కింద, అందరిలాగే. ఎదురింటావిడ ఫోను మోగి మోగి ఆగిపోయింది. మధురవాడ నించి మర్రిపాలెం ఎంత దూరమో, దార్లో ఎన్ని సిగ్నళ్ళో హైమకి తెలుసు.

ఆమె చేతులు వాటంతటవే కీబోర్డు మీదికి వెళ్ళాయి. తీసేసిన ఛాయల్ని వెనక్కి తెచ్చే మీట ఒకటుంది. ఒక్కొక్కరినీ విడిగా తేవాలి. ఒక్కొక్కరికి కొంత సేపు పడుతుంది. ఆమె తల్లి పేరు కొట్టింది. చివర్లో "తగ్గిపోనాది" అనే మాటని చెరిపేసింది, బండి నిజంగా లోపలికి రావాలి కదా.

"అక్కా" అన్నాడు ఫిరోజ్. "ఆగు. ఇప్పుడు వేరే ఛాయలేవీ లేవు. నువ్వు ఒక్కరినే పెడితే, ఊరంతటికీ ఒక్కరే..."

"తెలుసు."

"పెందుర్తిలో ఎవరో పిల్లాడు. ఆరిలోవలో పురుడు. చూడు, అన్నీ పడ్డాయి. మా నాన్ననైనా ముందు..."

"మా అమ్మరా" అంది హైమ.

నిన్న సుదర్శన్ ఈ మాట అని ఉంటే ఆమె అతని మొహాన ఉమ్మేసి ఉండేది. ఇప్పుడు ఆ మాట తన నోట్లోంచే వచ్చింది, అందులో ఆమెకి తప్పేమీ కనిపించలేదు. ఫిరోజ్ వైపు చూడకుండా మీట నొక్కింది.

నల్లటి గోడ మీద ఒక చుక్క వెలిగింది. ముందు పసుపుగా, తర్వాత పచ్చగా.

మ్యాపులో బళ్ళన్నీ ఒకేసారి కదిలాయి. సీతమ్మధార నించి, గాజువాక నించి, భీమిలి రోడ్డు మీద నించి, ఊళ్ళో ఉన్న ప్రతి బండీ మలుపు తీసుకుని మర్రిపాలెం వైపు తిరిగింది. రోడ్డు వారకి ఆగిన వాటిలో రోగితో ఉన్న బండి ఏదైనా ఉందేమో వెతకడానికి హైమకి ధైర్యం చాలలేదు. ఫిరోజ్ తన ఫోను తీసుకుని, తలుపు తోసుకుని, మెట్ల మీద పరుగెత్తాడు.

"అమ్మా, ఫోను పెట్టకు. వచ్చేస్తోంది. వింటున్నావా?"

"ఊఁ" అంది పైడమ్మ. దూరాన ఒక సైరన్ వినిపించింది. దగ్గరైంది. ఆగింది. తలుపు తెరుచుకున్న చప్పుడు, పరుగెత్తుకొచ్చిన అడుగులు, "పిన్నీ, పిన్నీ, కదలకండి, ముక్కు మీదెట్టుకోండి" అని సింహాద్రి గొంతు. హైమ ఏడ్చేసింది. తల్లి ఊపిరి కొంచెం కొంచెంగా సర్దుకోవడం ఫోనులో వింటూ, దేవుడా దేవుడా అనుకుంటూ, నుదురు బల్లకి ఆనించింది.

సైరన్ల మోత మాత్రం ఆగలేదు. ఇంకోటి వచ్చింది. దాని వెనక ఇంకోటి. వీధికి ఆ చివర నించీ ఈ చివర నించీ, పక్క వీధుల్లోంచీ, వినబడీ వినబడకుండా కొన్ని, చెవులు పగిలేలా కొన్ని. వాటి మధ్యలోంచి, ఆక్సిజన్ మాస్కు కిందనించి, పైడమ్మ గొంతు బలహీనంగా వచ్చింది.

"ఒలే హైమా, ఇన్ని బళ్ళొస్తన్నాయేటే? ఊర్లో ఎవులికేటైపోనాదే?"